వెలి పడిన ఇల్లు, వెలివేసిన ఊరు
(కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంత సంఘముల కూటములో ఇద్దరము కలిసి చేసిన ప్రసంగ పాఠము)



మాకు ఇచ్చిన కాగితములో అంశము ఇట్లున్నది: "సమాజములోని వర్గముల మధ్య సంబంధములు, వాటివలన మనస్సుకు కలుగు బాధ, ఆ బాధను తట్టుకొను విధము." చాల పెద్ద అంశము. లోకమంతటికి అన్వయించి చెప్పవలెనంటే ఈ పూట చాలదు. గనుక కామారెడ్డి మొదలుకొని లింగంపేట, ఎల్లారెడ్డి వరకు మన గ్రామములలో అందరికి తెలిసినదే అయినను, కూటములలో లేచి ఎవరును మాట్లాడని ఒక్క సంగతిని తీసుకొన్నాము. అది వెలి. పత్రికలవారు సాంఘిక బహిష్కరణ అంటారు. మన ఊళ్లలో "మాట బంద్ పెట్టినారు" అంటే చాలును, పసిపిల్లలకు కూడ అర్థమవుతుంది.

మన ఉమ్మడి నిజామాబాదు జిల్లా గ్రామములలో గ్రామాభివృద్ధి కమిటీ ఎట్లు నడుచునో మీకు మేము వివరించనక్కరలేదు. కులమునకు ఒకరిద్దరు చొప్పున పెద్దలు కూర్చుంటారు. ఎన్నికైన గ్రామపంచాయతీ వేరు, ఇది వేరు. చట్టములో దీనికి అధికారము లేదు, అయితే ఊరిలో దీని మాటకు తిరుగు లేదు. న్యాయముగా చెప్పవలెనంటే ఈ కమిటీలు మంచి పనులును చేసినవి. బోరు వేయించినవి, గుడి కట్టించినవి, బడికి గది కట్టించినవి, వాగు మీద దారి పోయించినవి. డబ్బు కొరకు మద్యము అమ్ముకొను హక్కును, ఇసుకను, కోడిమాంసము అమ్మకమును వేలము వేసిన ఊళ్లును కలవు. ఆ వేలములో పాటకు ఒప్పుకోనివారు, చందా ఇవ్వలేనివారు, భూమి తగాదాలో కమిటీ తీర్పు కాదని కోర్టుకు పోయినవారు, కులవృత్తి విషయములో ఎదురు మాట్లాడినవారు ఒక్కొక్కసారి వెలికి గురి అవుతారు. ఒక ఇల్లు కావచ్చును, ఒక కులము కులమే కావచ్చును. కల్లుగీత గౌండ్లవారు, మాలలు, మాదిగలు, ఒక్కొక్కచోట పెద్ద కులములలోని ఒంటరి కుటుంబములు కూడ ఈ బాధ పడినవే.

అది జరుగు తీరు చూడండి. సాయంత్రము చాటింపు వేస్తారు. ఫలానా ఇంటివారితో మాట్లాడరాదు, మాట్లాడినవారికి ఇంత జరిమానా, చూచి చెప్పినవారికి ఇంత ఇనాము. తెల్లవారి ఆ ఇంటి ఆడమనిషి కిరాణం కొట్టుకు పోతే ఉప్పు లేదంటారు. డబ్బాలో ఉప్పు కనబడుచునే ఉన్నది. పాలవాడు పాలు తీసికొనడు. నాట్లకు కూలీలు రారు. ట్రాక్టరు కిరాయికి దొరకదు. మంగలి రాడు. ఆటో ఆగదు. బడిలో పక్కన కూర్చొను పిల్ల జరిగి కూర్చుంటుంది. ఎవరును కొట్టలేదు, తిట్టలేదు. దెబ్బ లేదు, రక్తము లేదు. గనుక పోలీసుస్టేషనుకు పోయినను ఏమని చెప్పుకోవలెనో తెలియక ఆ ఇంటాయన గడప దిగి మళ్లీ ఎక్కుతాడు. దెబ్బ తగిలితే చూపవచ్చును. ఎవరును మాట్లాడకపోతే ఏమి చూపుతాడు?

ఇది ఈనాటిది కాదు. 1928లో బొంబాయి ప్రభుత్వము అణగారిన జాతుల స్థితిని విచారించుటకు ఒక కమిటీని వేసినది. డాక్టర్ అంబేడ్కర్ అందులో సభ్యులు. ఆ జాతులను అణచుటకు బహిరంగముగా చేయు దౌర్జన్యముకన్న బహిష్కరణయే ఎక్కువ పనిచేయుచున్నదని ఆ కమిటీ తేల్చినది. మన తెలుగు నేలమీద గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6వ తేదీన దళితుల ఊచకోత జరిగినది. ఆ హత్యలకు ముందు అక్కడి దళితులకు పనులు ఆపి వెలివేసినారని గుర్తుంచుకొనవలెను. మాట ఆగిపోయిన చోట తరువాత ఏమైనను జరుగవచ్చును. అందుచేత "కొట్టలేదు గదా, మాట్లాడడము మానినారు, అంతే గదా" అను మాట మేము ఒప్పుకోము.

మన ప్రాంత సంఘములకు వెలి అంటే ఏమో ముత్తాతల కాలమునుండి తెలుసు. కామారెడ్డి నుండి నిజామాబాదు పోవు దారిలో డిచ్‌పల్లి ఉన్నది. అక్కడ మిషనరీ వైద్యురాలు డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ దొరగారు కలిసి 1915లో కుష్ఠురోగుల ఆసుపత్రిని తెరచినారు. దానికి పెద్ద దానము చేసినవారు మన సంఘస్థులు కారు, నర్సాగౌడ్ అను హిందూ దాత. ఆనాడు రోగి శరీరము కుళ్లుటకన్న ముందే ఊరు అతనిని వదలిపెట్టెడిది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసిన తరువాత ఆ రోగము నెలలలోనే నయమగు రోగమైనది. 2005 డిసెంబరు నాటికి దేశములో పదివేలమందికి ఒక్క రోగికన్న తక్కువ స్థాయికి వచ్చినది. అయితే కుష్ఠు ఉన్నదని భార్యనో భర్తనో విడిచిపెట్టుటకు వీలిచ్చిన చట్టములను 2019 వరకు మార్చలేదు. మందు వచ్చిన తరువాత చట్టము మారుటకే అన్ని ఏండ్లు పట్టినది. మనుష్యుల కండ్లలోని భయము పోవుటకు ఇంకెన్ని పట్టునో మీరే అనుకొనండి.

ఇక మనస్సు సంగతికి వస్తాము.

కిప్లింగ్ విలియమ్స్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఒకనాడు తోటలో తన కుక్కతో కూర్చొని ఉన్నాడు. ఇద్దరు తెలియని మనుష్యులు పళ్లెము వంటి ప్లాస్టిక్ బిళ్లను ఒకరికొకరు విసరుకొని ఆడుచున్నారు. అది దొర్లి ఇతని వద్దకు వచ్చినది. ఇతడు తిరిగి విసిరినాడు. వారు మళ్లీ ఇతనికి విసిరినారు. ముగ్గురును కొంతసేపు ఆడినారు. తరువాత ఏమీ చెప్పకుండనే వారు ఇతనికి విసరుట మానినారు. వారెవరో తెలియదు, మళ్లీ కనబడరు. అయినను తనకు ఎంత బాధ కలిగినదో చూచుకొని ఆయన ఆశ్చర్యపడినాడు. దానినే కంప్యూటరు మీద బంతి ఆటగా మార్చి పరీక్షించినాడు. 2000 సంవత్సరములో అచ్చయిన పరిశోధనలో 62 దేశములనుండి 1,486 మంది ఆ ఆట ఆడినారు. బంతి తమకు రాకపోయిన కొద్ది మనస్సు కుంగినది. తరువాతి పరీక్షలలో ఇంకొక విచిత్రము తెలిసినది. వెలివేయునది మనుష్యులు కాదు, యంత్రమే అని ముందుగా చెప్పినను బాధ కలిగినది. తాము అసహ్యించుకొను గుంపువారు వెలివేసినను బాధ కలిగినది.

ఈ ఒక్క మాటను మీరు ఊరికి తీసికొనిపోవలెనని మా కోరిక. "అటువంటి వాండ్లు మాట్లాడకపోతే మాత్రము నీకేమి?" అని మనము వెలి పడినవారిని ఓదారుస్తాము. ఆ ఓదార్పు పనిచేయదు. మనస్సు ముందు గాయపడుతుంది, తరువాత గాని ఎవరు చేసినారు, ఎందుకు చేసినారు అని ఆలోచించదు. 2003లో నయోమి ఐసెన్‌బర్గర్ మొదలైనవారు ఈ బంతి ఆటను ఆడించుచు మెదడును పరీక్షించగా, శరీరమునకు నొప్పి కలిగినప్పుడు పనిచేయు భాగములలో కొన్ని అప్పుడును పనిచేసినట్లు కనబడినది. దీనిమీద శాస్త్రజ్ఞులలో ఇంకను వాదములున్నవి. అయితే మన భాషలో ఎప్పుడో "గుండె కోసినట్లున్నది" అన్నారు. మన అవ్వలకు ఆ యంత్రము అవసరము లేకపోయినది.

వెలివలన నాలుగు సంగతులు దెబ్బతింటవని విలియమ్స్ చెప్పినాడు. నేను ఈ ఊరివాడను అను భావము, నాకొక విలువ ఉన్నదను భావము, నా బ్రతుకు నా చేతిలో ఉన్నదను నమ్మకము, నేను ఉన్నట్లు ఎవరైన చూస్తున్నారను ధైర్యము. చివరిదానిని ఒక తల్లి మాతో చెప్పిన మాటలో చెప్తాము. ఏ ఊరో చెప్పము. "తిడితే మంచిగుండు అయ్యా, తిట్టెటందుకన్న మా మొకం చూద్దురు" అన్నది. వెలి పది దినములైతే మనిషి కోపపడతాడు, బ్రతిమాలుకొంటాడు, క్షమాపణ పత్రము వ్రాసి ఇస్తాడు, జరిమానా కడతాడు, లేదా తిరగబడతాడు. ఏండ్లు గడిస్తే ఈ ప్రయత్నములన్ని ఆగిపోతవి. నిరాశ, చేతగానితనము, నేను దేనికి పనికిరాను అను తలంపు వచ్చి కూర్చుంటవి. అప్పుడు ఊరువారు "వాండ్లు సర్దుకొన్నరు" అంటారు. సర్దుకొనుట కాదది.

ఇప్పుడు రెండవ పక్కను చూడవలెను, ఎందుకంటే మన సంఘస్థులు ఎక్కువమంది ఆ పక్కనే ఉంటారు. వెలివేయుమని చెప్పినది కమిటీ. అమలు చేయునది ఎవరు? మనమందరము. కిరాణం కొట్టు మనది, ఆటో మన తమ్మునిది, నాట్లకు పోవలసినది మన చెల్లెండ్లు. కమిటీలో పదిమందో ఇరువదిమందో ఉంటారు గాని వెలి నిలిచేది వందల గడపల మీద.

2013లో అమెరికా పరిశోధకులు అదే బంతి ఆటను తిప్పి పరీక్షించినారు. ఆట ఆడువానికే, ఫలానావానికి బంతి వేయవద్దని ఆజ్ఞ ఇచ్చినారు. ఆజ్ఞ పాటించినవారి మనస్సు కూడ కుంగినది, సిగ్గు, అపరాధ భావము కలిగినవి, మా ఇష్టము మాకు లేకపోయినదను భావము కలిగినది. జరిమానాకు భయపడి తలదించుకొని పోవు పొరుగాయనను గుర్తుచేసికొనండి. ఆయనకును రాత్రి నిద్ర పట్టదు. పగలు మాత్రము "అందరికి ఇష్టమే గదా, నేనొక్కడిని ఏమి చేతును" అంటాడు. ప్రతి ఇంటిలోను ఇదే మాట. ప్రతివాడును మిగిలినవారందరు మనస్ఫూర్తిగా ఒప్పుకొన్నారనుకొని తన సందేహమును దాచుకొంటాడు. 1931లోనే డేనియల్ కాట్జ్, ఫ్లాయిడ్ ఆల్‌పోర్ట్ దీనికి శాస్త్రములో ఒక పేరు పెట్టినారు. మనము దానిని ఊరంతటి అపోహ అందాము.

ఆ అపోహను విరుచుటకు ఎంతమంది కావలెను? 1951లో సాలమన్ ఆష్ అను ఆయన ఒక పరీక్ష చేసినాడు. గీతల పొడవులను పోల్చి చెప్పవలెను, చాల సులభమైన పని. గదిలో ఉన్నవారందరు ముందే మాట్లాడుకొని తప్పు జవాబు చెప్తారు, ఒక్కనికి మాత్రము ఆ సంగతి తెలియదు. కండ్ల ఎదుట నిజము కనబడుచుండగనే, అటువంటివారి జవాబులలో సుమారు మూడింట ఒకటి గుంపుతోబాటు తప్పు అయినవి. అయితే ఆ గుంపులో ఇంకొక్కడు సరిగా చెప్తే చాలును, తప్పులు బాగా తగ్గి నూటికి ఐదారుకు వచ్చినవి. ఊరు ఊరంతా లేవనక్కరలేదు. ఒక్క ఇల్లు చాలును. మాకు తెలిసిన ఒకచోట, బీడీలు చుట్టుకొను ఆడవారు అరుగు మీద కూర్చొని, వెలి పడిన ఇంటామెను పిలిచి తమ మధ్య కూర్చుండబెట్టుకొన్నారు. మాట్లాడలేదు. మాట్లాడరాదని గదా చాటింపు! ఆకు, తంబాకు చాట ఆమె వైపు జరిపినారు. జరిమానా ఎట్లు వేయవలెనో పెద్దలకు తోచలేదు. నవ్వు వచ్చు సంగతే గాని మేము చదివిన శాస్త్రములో ఇంతకన్న మంచి ఉదాహరణ లేదు.

తట్టుకొనుట అను మాటను ఇప్పుడు చూద్దాము. రిచర్డ్ లాజరస్, సూసన్ ఫోక్‌మన్ 1984లో ప్రచురించిన గ్రంథములో, కష్టము వచ్చినప్పుడు మనిషి రెండు తీరుల పని చేస్తాడన్నారు. ఒకటి, కష్టమునే మార్చజూచుట. రెండవది, కష్టమువలన లేచిన ఉద్వేగమును అదుపు చేసికొనుట. మారగల కష్టము ముందు మొదటిది, మారని కష్టము ముందు రెండవది ఎక్కువ పనికివస్తుంది. మన సంఘములలో రెండవదానినే ఎక్కువ బోధిస్తామని మాకు తోచుచున్నది. ఓర్చుకొనుము, ప్రార్థన చేయుము, క్షమించుము. ఈ మూడును మంచివే, అవి లేకుండ మన పెద్దలు బ్రతికి ఉండెడివారు కారు. అయితే చాటింపు ఇంకను అమలులో ఉండగా, ఆ ఇంటి పిల్లలకు పాలు దొరకకుండగా, ఇంటికి పోయి "క్షమించుమమ్మా" అనుట తొందరపాటు. గాయమునుండి ముల్లు తీయకముందే కట్టు కట్టినట్లవుతుంది. మందు తెలిసిన నర్సమ్మలు ఇక్కడ చాలమంది ఉన్నారు, మేము చెప్పునది వారికి తెలుసు.

బాధను పైకి కనబడనీయక అణచుకొనువారిని మనము గట్టివారు అంటాము. జేమ్స్ గ్రోస్ మొదలైనవారు ముప్పది ఏండ్లకు పైగా దీనిని పరిశీలించినారు. ముఖములో కనబడనీయక అణచినందున లోపలి వేదన తగ్గదు, గుండె మీద, రక్తనాళముల మీద భారము మాత్రము పెరుగుతుంది. జరిగినదానిని మరియొక కోణమునుండి చూచుట నేర్చుకొనువారికి మేలు ఎక్కువ. ఆ కోణము ఏది? "నా తప్పువలననే ఇది వచ్చినది, నేను తక్కువవాడను" అనుకొనువాడు కుంగుతాడు. "ఇది వారి దురభిమానమువలన వచ్చినది, నా విలువ తగ్గలేదు" అని చూడగలవాడు కొంత నిలబడతాడని 1989లో జెన్నిఫర్ క్రాకర్, బ్రెండా మేజర్ వ్రాసినారు. ఒక కులము కులమునే వెలివేసినప్పుడు ఈ మాట అనుకొనుట సులభము, ఒకరికొకరు చెప్పుకొంటారు, కలిసి వండుకొంటారు. ఒక్క ఇంటిని వెలివేసినప్పుడు అనుకొనుట బహు కష్టము, ఎందుకంటే తన కులమువారే, తన సంఘమువారే మాట మానినారు. మా అభిప్రాయములో ఒంటి ఇంటి వెలియే అన్నిటికన్న క్రూరమైనది.

ఇక నెమరువేయుట. పశువు నెమరువేస్తే మేత అరుగుతుంది. మనిషి అవమానమును నెమరువేస్తే అరగదు, పెరుగుతుంది. అదే సంగతిని తిప్పి తిప్పి తలంచుకొనువారిలో దిగులు ఎక్కువకాలము నిలుచునని సూసన్ నోలెన్ హోక్సెమా పరిశోధనలు చూపినవి. వెలి పడిన ఇంటిలో పనికూడ ఉండదు గనుక నెమరువేయుటకు కావలసినంత తీరిక. మగవాడైతే కల్లు దుకాణము కూడ పక్క ఊరిలో వెదకుకొని పోతాడు. ఊరి మీది కోపము ఇంటికి వచ్చి భార్య మీద, పిల్లల మీద పడుతుంది. ఇది మీరు చూచినదే, మేము పొడిగించము. కొందరు ఇల్లు తాళము వేసి హైదరాబాదుకో, భివండికో, గల్ఫ్ దేశములకో పోతారు. పోవుట కూడ ఒక తట్టుకొను మార్గమే, దానిని పిరికితనమని అనకూడదు. మిగిలిన ముసలివారిని మాత్రము ఎవరైన చూడవలెను.

పిల్లల మాట ఒక్కటి. 2004లో కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్ గ్రామములలో ఆరు, ఏడు తరగతుల బాలురకు దారి వెదకు చిక్కు బొమ్మలు ఇచ్చి, విప్పినదానికొక డబ్బు అన్నారు. కులము చెప్పనప్పుడు కింది కులముల బాలురు పై కులముల బాలురతో సమానముగా విప్పినారు. అందరియెదుట తండ్రి పేరు, కులము చదివి కూర్చుండబెట్టినప్పుడు కింది కులముల బాలుర పని ఇంచుమించు నాలుగవ వంతు తగ్గినది. బాలురు వారే, బుద్ధి అదే. బడిలో, హాస్టలులో, ఆదివార పాఠశాలలో పేర్లు పిలుచువారు దీనిని తలంచుకొనవలెను. మన సంఘములో ఆ మాటలు లేవనువారు పెండ్లి సంబంధముల సమయమున మా వెంట వచ్చి వినవచ్చును. ఎస్సీ వర్గీకరణ మీద 2024 ఆగస్టు 1న సుప్రీముకోర్టు తీర్పు వచ్చినది, 2025 ఏప్రిల్ 14నుండి తెలంగాణలో చట్టము అమలులోకి వచ్చినది. దానిమీద ఒకే వరుస బల్లల మీద కూర్చున్నవారికి వేరు వేరు అభిప్రాయములుండవచ్చును, ఉండవలెను కూడ. అభిప్రాయము వేరైనదని పలకరింపు మానితే అది చాటింపు లేని వెలి.

విడిపోయినవారిని కలుపునది ఏది? 1954లో అమెరికాలోని ఓక్లహోమాలో ముజఫర్ షెరీఫ్ పదకొండు, పండ్రెండు ఏండ్ల బాలురను శిబిరములో రెండు జట్లుగా చేసినాడు. పోటీలు పెట్టగానే జెండాలు కాల్చుకొను వరకు పోయినారు. తరువాత ఊరక కలిపి భోజనము పెట్టిస్తే తిండి ఒకరిమీద ఒకరు విసరుకొన్నారు. ఇది మన సమైక్య విందులు ఏర్పాటు చేయువారు గుర్తుంచుకొనవలసిన సంగతి. నీటి గొట్టము ఆగినదని ఇద్దరును కలిసి వెదకవలసి వచ్చినప్పుడు, లారీ కదలకపోతే ఇద్దరును కలిసి తాడు లాగవలసి వచ్చినప్పుడు, అటువంటి పనులు ఒకటి తరువాత ఒకటి వచ్చినప్పుడు మెల్లగా కలిసినారు. ఒక్క పనితో కాలేదు.

మనకు 2025 ఆగస్టు 27న, వినాయక చవితినాడు అటువంటి పని వద్దన్నను వచ్చినది. రాజంపేట మండలము అర్గొండలో ఒక్క దినములో 40 సెంటీమీటర్లకు పైగా వాన కురిసినది. జాతీయ రహదారి తెగినది, రైలుపట్టాల కింది మట్టి కొట్టుకొనిపోయినది, కామారెడ్డి పట్టణములో కాలనీలు మునిగినవి. నడుము లోతు నీటిలో తాడు అందించువాడు ఏ కులమని ఎవరును అడుగరు. అయితే నీరు తీసిన తరువాత? షెరీఫ్ చెప్పినది అదే. చెరువు కట్ట మరమ్మతు, కాలువ పూడిక, పాఠశాల గోడ అని పని తరువాత పని కలిసి చేయుటకు ఎవరైన పూనుకొనవలెను. యౌవనస్థులకు మరియొక మాట. మాట్ లో అను పరిశోధకుడు ఉత్తరప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా యువకులతో క్రికెట్ పోటీలు పెట్టించి 2021లో ఫలితములు ప్రచురించినాడు. వేరు వేరు కులములవారు ఒకే జట్టులో ఆడితే స్నేహములు పెరిగినవి. ఎదురు జట్టులో చూచుకొంటే అంత మేలు కలుగలేదు, కొన్ని విషయములలో తగ్గినది కూడ. మన పాస్టరేటులలో వాడకొక జట్టు కట్టు అలవాటు ఉన్నది. జట్లను కలపండి.

చివరికి చట్టము, సహాయము. అంటరానితనమును రాజ్యాంగము 17వ అధికరణము నిషేధించినది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారముల నిరోధక చట్టమునకు 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26నుండి అమలులోకి వచ్చినది. దానిప్రకారము ఆ వర్గములవారిని సాంఘికముగా గాని ఆర్థికముగా గాని బహిష్కరించుట నేరము. వెలి పడినవారు ఇతర కులములవారైతే ఆ చట్టము వర్తించదు. మహారాష్ట్ర మాత్రము 2016లో ఏ కులమువారి బహిష్కరణకైనను వర్తించు ప్రత్యేక చట్టము చేసినది, మూడేండ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. వెలి పడినవారికి మేము చెప్పునది ఇది. ఒక నోటుబుక్కు పెట్టుకొనండి. ఏ తేదీన, ఏ దుకాణములో, ఎవరు, ఏమన్నారు అని ప్రతిదినము వ్రాయండి. కోర్టులో అది పనికివస్తుంది. వ్రాసిన రాత్రి నెమరు కొంత తగ్గుతుంది కూడ. కామారెడ్డి, బాన్సువాడ, ఎల్లారెడ్డి మూడుచోట్ల ఆర్డీఓ కార్యాలయములున్నవి, అర్జీ ఇచ్చి రసీదు తీసికొనండి. ఒంటరిగా పోవద్దు. సంఘమునుండి ఇద్దరు వెంట పోవలెను.

వెంట పోవువారు తగాదాలో న్యాయము ఎవరిదో ముందు తేల్చుకొనవలెనా అని కొందరు పెద్దలు మమ్మును అడిగినారు. అక్కరలేదు. భూమి ఎవరిదో కోర్టు చెప్తుంది, దానికి ఏండ్లు పట్టవచ్చును. అన్ని ఏండ్లు ఆ ఇంటి పిల్లలకు ఉప్పు ఆపుటకు ఎవరికిని హక్కు లేదు. తప్పు చేసినవానితో కూడ మాట్లాడవచ్చును. మాట్లాడుట అంటే అతని పక్షము చేరుట కాదు.

మూడు నంబర్లు వ్రాసికొనండి. ఉచిత న్యాయ సహాయమునకు 15100. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారముల ఫిర్యాదులకు 14566. నిద్ర లేకపోయినను, దిగులు పట్టినను, చనిపోవలెనని తలంపు వచ్చినను 14416కు ఫోను చేయవచ్చును, టెలిమానస్ అంటారు, తెలుగులో మాట్లాడుతారు, డబ్బు అడుగరు. కాగితములు బయట బల్ల మీద ఉన్నవి. ఎల్లారెడ్డి వారికి బస్సు వేళ అగుచున్నది గనుక ప్రశ్నలు ముందుగా వారే అడుగవచ్చును.